పుష్యమాసపు వరద

2021 ఫిబ్రవరి రెండవ వారం ముగిసేసరికి ఢిల్లీలోని పలు ప్రాంతాల కుళాయిలలో నీటి ధార సన్నబడింది. ఎగువ గంగ కాలువ నుండి వచ్చే నీటిలో బురద విపరీతంగా పెరిగినందున సోనియా విహార్, భాగీరథి శుద్ధి కేంద్రాలు పూర్తి సామర్థ్యంతో పని చేయలేకపోతున్నాయనీ, పౌరులు నీటిని పొదుపుగా వాడుకోవాలనీ జలమండలి విజ్ఞప్తి చేసింది. చలికాలంలో గంగ తేటగా పారుతుంది. ఆ రోజులలో ఇంత బురద ఎక్కడిదని రాజధానివాసులు కొద్ది రోజులు చర్చించుకున్నారు. కుళాయిలు యథాప్రకారం రాగానే ఆ సంగతి మరచిపోయారు. బురద బయలుదేరిన చోట మాత్రం దానిని మరచిపోవడం ఎవరికీ సాధ్యం కాలేదు.

బదరీనాథ్ యాత్ర చేసిన తెలుగువారికి జోషీమఠం పరిచితమే. అక్కడ బదరీ దారి విడిచి, ధౌళిగంగ వెంట టిబెట్ సరిహద్దు వైపు సాగే మలారీ రోడ్డున పాతిక కిలోమీటర్ల దూరం పోతే రైణీ అనే గ్రామం వస్తుంది. నందాదేవి మంచుకొండల నుండి దిగివచ్చే ఋషిగంగ అక్కడే ధౌళిగంగలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర 13.2 మెగావాట్ల ఋషిగంగ జలవిద్యుత్ కేంద్రం ఉండేది. దానికి దిగువన తపోవనం వద్ద జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ 520 మెగావాట్ల తపోవన్-విష్ణుగఢ్ పథకాన్ని నిర్మిస్తున్నది.

వరద అనగానే మనకు స్ఫురించేది శ్రావణ భాద్రపదాలు. భద్రాచలం వద్ద గోదావరి ఎన్ని అడుగులకు చేరిందో ఆ రోజులలో పల్లెల్లోని పిల్లలు కూడా చెప్పగలరు. ప్రభుత్వపు వరద సూచన యంత్రాంగం సైతం ప్రధానంగా వానకాలాన్ని నమ్ముకున్నదే. కాని ఆ ఫిబ్రవరి 7వ తేదీ ఆదివారం, పుష్య బహుళంలో, వాన లేని తెల్లని పగటివేళ ఋషిగంగ పొంగింది. ఉదయం పది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో రోంటి శిఖరపు ఉత్తర పార్శ్వం నుండి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల రాయి, మంచు విరిగి, 1800 మీటర్ల దిగువనున్న లోయలో పడ్డాయి. ఆ పతనంలో పుట్టిన వేడికి మంచు కరిగి, రాళ్ళూ బురదా కలిసిన ప్రవాహమై, నిమిషాలలో రైణీ చేరి, ఋషిగంగ కేంద్రాన్ని ఆనవాలు లేకుండా తుడిచిపెట్టి తపోవనం బరాజ్ మీద పడింది. మరణించినవారు, ఆచూకీ తెలియనివారు కలిపి 204 మంది.

కొండ విరిగింది విద్యుత్ కేంద్రాల వల్ల అని ఈ విలేఖరి అనడం లేదు. శాస్త్రజ్ఞుల పరిశోధన దానిని ప్రకృతి వైపరీత్యంగానే వివరించింది. కాని ఆ ఆదివారం ఉదయం అంతమంది నది గర్భంలో, నది పక్కన తవ్విన సొరంగాలలో ఉండడానికి కారణం ఆ పథకాలే. అక్కడ వారిని హెచ్చరించడానికి ఎగువన ఏ ఏర్పాటూ లేదు. నీటి నుండి ఎన్ని మెగావాట్లు వస్తాయో దశాంశ స్థానంతో సహా లెక్క కట్టినవారికి ఆ నీరు ఎదురు తిరిగితే మోగవలసిన సైరన్ గుర్తుకు రాలేదు.

హెచ్చరిక అసలే రాలేదని కాదు. పథకానికి పైగా, ఎత్తున ఉన్న ఒక ఊరిలో పనిలో ఉన్న ఒక తల్లి నది వస్తున్న తీరు చూసి, కింద బరాజ్ దగ్గర పని చేస్తున్న కుమారునికి టెలిఫోన్ చేసింది. అతడు మొదట నమ్మలేదు. కొండ పగలడమేమిటి, హాస్యమాడవద్దన్నాడు. ఆమె మళ్ళీ మళ్ళీ చేసింది. చివరకు అతడు తల ఎత్తి చూసి, తోటివారిని కేకలు వేసి, పరుగెత్తి, పాతికమంది దాకా ప్రాణాలతో మెట్ల మీదికి చేరుకున్నారు. కోట్ల రూపాయల పథకానికి ఆ ఉదయం ఉన్న ముందస్తు హెచ్చరిక వ్యవస్థ అంతా అదే.

ఈ లోయల చరిత్రలోనే ఇంకొక ఉదంతం ఉంది. 1893లో గఢ్వాల్‌లోని గోహ్నా వద్ద కొండచరియ విరిగిపడి బిరహీ గంగకు అడ్డంగా కట్టలా నిలిచింది, వెనుక పెద్ద సరస్సు ఏర్పడింది. ఆనాటి ఇంగ్లీషు ఇంజనీర్లు కట్ట ఎప్పుడు తెగుతుందో అంచనా వేసి, గోహ్నా నుండి హరిద్వారం వరకు తంతి తీగ వేసి, దిగువ ఊళ్ళలో జనాన్ని ముందే ఎత్తు ప్రదేశాలకు తరలించారు. 1894 ఆగస్టులో అర్ధరాత్రి కట్ట తెగింది. శ్రీనగర్ పట్టణం కొట్టుకుపోయింది. చనిపోయింది మాత్రం, ఎంత చెప్పినా వినకుండా కట్ట కిందనే ఉండిపోయిన ఒక కుటుంబంలోని అయిదుగురు. నెలల తరబడి ఎదురుగా కనబడుతున్న సరస్సు, ఒక్క క్షణంలో విరిగిన శిఖరం ఒకటి కావన్నది నిజం. అయినా ఎగువన తగిన పరికరాలు ఉండి ఉంటే 2021లోనూ కొద్ది నిమిషాల వ్యవధి దొరికి ఉండేదనీ, చాలామంది కార్మికులు బయటపడే అవకాశం ఉండేదనీ శాస్త్రజ్ఞులే అన్నారు. ఆ తల్లి టెలిఫోనుకు దొరికిన వ్యవధి కూడా నిమిషాలే కదా.

రైణీ సామాన్యమైన ఊరు కాదు. 1974 మార్చి 26న పురుషులను పరిహారం ఇస్తామంటూ చమోలీకి పిలిపించి, అధికారులు, కాంట్రాక్టరు మనుషులు అడవి నరకడానికి వచ్చినప్పుడు గౌరాదేవి నాయకత్వాన మహిళలు చెట్లను ఆవరించి నిలిచిన ఊరు అది. ఇక్కడి భోటియా ప్రజల బ్రతుకు అంతకుముందే ఒకసారి తలకిందులైంది: 1962 యుద్ధంతో టిబెట్ వర్తకం ఆగిపోయింది. 1982లో నందాదేవి జాతీయోద్యానం ఏర్పడిన పిదప పై మేతబీళ్ళు మూసివేశారు. గడ్డి కోసం అడవిలో అడుగు పెట్టవద్దని గ్రామీణులకు ఆంక్ష విధించిన రాజ్యమే, ఆ రక్షిత ప్రాంతపు అంచున డైనమైట్ పేల్చడానికి కంపెనీలకు అనుమతినిచ్చింది. పేలుళ్ళ వల్ల కొండ అదురుతున్నదనీ, తవ్విన మట్టిరాళ్ళను నదిలో పోస్తున్నారనీ రైణీ నివాసి ఒకరు 2019లోనే హైకోర్టుకు విన్నవించారు.

ఆ ఆదివారం ఏటిగట్టున పశువులకు మేత తేబోయినవారు కొందరు తిరిగి రాలేదు. మలారీ రోడ్డు మీది వంతెన కొట్టుకుపోయి ఎగువనున్న 13 గ్రామాలకు బయటి ప్రపంచంతో సంబంధం తెగింది. హెలికాప్టర్లలో ఆహారధాన్యాలు చేరవేయవలసి వచ్చింది. మార్చి మొదటి వారానికల్లా సరిహద్దు రోడ్ల సంస్థ బెయిలీ వంతెన వేసింది. సరిహద్దు సైన్యానికి ఆ దారి అవసరం గనుక ఆ వేగం సహజమే. గ్రామస్థుల రాత్రులు మాత్రం అంత వేగంగా కుదుటపడలేదు. వరద వచ్చిన నాలుగవ రోజున నది మళ్ళీ పెరిగిందన్న వార్తతో సొరంగం దగ్గర సహాయక చర్యలు ఆపి అందరూ పైకి పరుగెత్తారు. రైణీ కుటుంబాలు చాలా రాత్రులు ఇళ్ళు విడిచి, గడ్డకట్టే చలిలో, ఊరి పైనున్న కొండమీద గడిపాయి. నీటిమట్టం పెరిగితే మోగే పరికరాన్ని రైణీలో అమర్చింది ఆ తరువాతనే.

తపోవనంలో చిన్న సొరంగం నుండి పన్నెండు మందిని ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసులు ఆ సాయంత్రమే బయటికి లాగారు. పెద్ద సొరంగంలో చిక్కినవారు ఒక్కరూ బ్రతకలేదు. ఏడాది గడిచాక, 2022 ఫిబ్రవరిలో కూడా దానిలో శవాలు బయటపడ్డాయి. మృతులలో స్థానికులతో పాటు ఉత్తర ప్రదేశ్ లఖింపూర్ ఖేరీ జిల్లా నుండి, ఝార్ఖండ్ నుండి కూలికి వచ్చినవారు ఎక్కువ. కనబడకుండా పోయిన మనిషిని చట్టం ఏడేళ్ళ వరకు మృతునిగా భావించదు. రాష్ట్రం ప్రకటించిన 4 లక్షలు, కేంద్రం ప్రకటించిన 2 లక్షలు చేతికి రావాలంటే మరణపత్రం కావాలి. ఆ గడువుకు మినహాయింపునిచ్చి పత్రాలు జారీ చేసే పద్ధతిని ప్రభుత్వం ప్రత్యేకంగా రూపొందించవలసి వచ్చింది. ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, ఖేరీ జిల్లా పల్లె నుండి ఒక వితంతువు చమోలీ కచేరీ గడప ఎక్కడం ఇంకొక ఎత్తు.

కేదారనాథ్ ప్రళయానంతరం 2013 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట ఏర్పడిన నిపుణుల సంఘం, పరిశీలనకు ఇచ్చిన 24 పథకాలలో 23 తగవని 2014లో నివేదించింది. ఎత్తయిన హిమానీ ప్రాంతాలలో ఆనకట్టలు కట్టవద్దన్నది దాని సలహా. రైణీ వరద తరువాత, 2021 జూలైలో, ఈ పథకాల అనుమతులు రద్దు చేయాలని రైణీ, జోషీమఠ వాసులు అయిదుగురు వేసిన వ్యాజ్యాన్ని హైకోర్టు కొట్టివేసింది. వెనుక ఎవరో ఉండి వీరిని ఆడిస్తున్నారని వ్యాఖ్యానించి, తలా పదివేల రూపాయల ఖర్చులు విధించింది. మరుసటి నెలలోనే పర్యావరణ శాఖ సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం సమర్పించి, ఎగువ గంగలో ఏడు పథకాలు కొనసాగవచ్చునన్నది. ఆ ఏడింటిలో తపోవన్-విష్ణుగఢ్ ఒకటి.

ఆ పథకపు సొరంగం జోషీమఠం కొండ కిందుగా సాగుతుంది. 2023 జనవరిలో ఆ పట్టణంలో ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారాయి. సొరంగమే కారణమని స్థానికులు వీధులకెక్కారు; విద్యుత్ సంస్థ కాదన్నది.

రైణీలో 2021 జూన్ వానలకు నది ఒడ్డును మళ్ళీ కోసింది. రోడ్డు జారిపోయింది. ఊరిని వేరొక చోటికి తరలించమని గ్రామస్థులు కోరారు. పరిశీలించిన భూగర్భశాస్త్రజ్ఞులూ అదే సిఫారసు చేశారు. కొత్త రోడ్డుకు చోటు కావలసి వచ్చినందున అధికారులు ఊరి మొగదలనున్న గౌరాదేవి విగ్రహాన్ని పెకలించి సురక్షిత స్థలానికి తీసుకుపోయారు. ఊరు మాత్రం ఆ వానకాలమంతా అక్కడే ఉంది.