విశాఖపట్నానికి ఎన్ని బిట్లు?

విశాఖ ఔటర్ హార్బర్ బయట లంగరేసిన పెద్ద ఓడ ప్రతిదీ ఆరు నిమిషాలకోసారి తన పేరు రేడియోలో చెప్పుకుంటుంది. ఏఐఎస్ అనే ఆ పద్ధతిలో అక్షరానికి దక్కేది 6 బిట్లే. అంటే మొత్తం 64 గుర్తులు: ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, కొన్ని చిహ్నాలు. పేరు 20 అక్షరాలు దాటకూడదు. ఇది పిసినారితనం కాదు. ఒక్కో రేడియో చానల్లో నిమిషాన్ని 2250 ముక్కలు చేసి ఓడలన్నీ పంచుకోవాలి, ముక్కకు 256 బిట్లే. చిన్నక్షరాలు పోయినందువల్ల నష్టపోయిన నావికుడెవరూ లేడు. గుర్తులు తగ్గించడం తప్పేమీ కాదు. ఎవరి అవసరం చూసి తగ్గించారన్నదే ప్రశ్న.

ఎస్సెమ్మెస్ సంగతి చూడండి. అందులో చోటు 1120 బిట్లు. ఇంగ్లీషుకు అక్షరానికి 7 చొప్పున 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరితే చాలు, అన్నిటికీ 16 బిట్లు, హద్దు 70. దాంతో తెలుగు బరువైన లిపి అన్న పేరొచ్చింది. లెక్క వేస్తే తేలేది వేరు. విశాఖపట్నం అని ఇంగ్లీషులో రాయడానికి 13 అక్షరాలు, 91 బిట్లు. తెలుగులో గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కపెట్టినా పదే. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో ఒక్కోదానికి 8 బిట్లు, మొత్తం 80. ‘ఖ’కు ఇంగ్లీషులో కె, హెచ్, ఏ మూడూ కావాలి, మన హల్లులో అకారం ఊరికే వస్తుంది. ఇస్కీ ప్రతి సంయుక్తాక్షరానికీ స్థానం ఇవ్వలేదు. ‘ట్న’ అంటే ట, పొల్లు, న. వాటిని కలిపి చూపే పని యంత్రానిది. దేవనాగరికీ తెలుగుకూ ఒకే పట్టిక కావడంతో ఏ లిపో విడిగా చెప్పాల్సి రావడం దాని లోటు.

ఎస్సెమ్మెస్ ప్రమాణంలోనూ తర్వాత 7 బిట్ల తెలుగు పట్టిక చేరింది. ఇంగ్లీషు పెద్దక్షరాలను పక్క పట్టికకు నెట్టి మన అక్షరాలకు చోటిచ్చారు. సందేశానికి 155 పడతాయి, విశాఖపట్నం 70 బిట్లకు దిగుతుంది. అయితే అవతలి ఫోనుకు ఆ పట్టిక తెలియకపోతే వచ్చేది పిచ్చిరాతే. అందుకే భద్రం కోరేవారు 16 బిట్లనే నమ్ముకుంటారు.

ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకోవచ్చు కదా అంటారు. అలా రాస్తే పాటకీ పాతకీ తేడా ఉండదు. పాత పోస్టాఫీసు కాస్తా పాట పోస్టాఫీసవుతుంది. డేటా చవకైన రోజుల్లో ఈ బిట్ల బేరం ఎందుకన్నది ఇంకో మాట, దీనిలో కొంత న్యాయముంది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఈ నగరంలో కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. అలాంటి వేళ సన్నని దారిలో దూరగలిగేది చిన్న సందేశమే. 70 దాటిన తెలుగు సందేశం 67 అక్షరాల ముక్కలుగా విడిపోతుంది. ఈసారి తుఫాను హెచ్చరిక అలా ముక్కలై వస్తే, నేరం ఒత్తులదీ దీర్ఘాలదీ అనుకోకండి.