మూగబోయింది ఇయర్‌ఫోనా? చెవా?

చార్మినార్ దగ్గర బస్సెక్కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారు. కుడివైపు పాట వస్తోంది. ఎడమవైపు చప్పుడే లేదు. అలాంటప్పుడు ఏం చేస్తాం? 'ఇదీ పోయింది' అని విసుక్కుని, నయాపూల్ దాటేలోపే కొత్తది కొనాలని తేల్చేస్తాం. లేదంటే వినిపిస్తున్న వైపే సౌండ్ పెంచేస్తాం. ఈ రెండూ చేసే ముందు ఒక్క అర నిమిషం ఆగండి. ఇయర్‌ఫోన్స్‌ను అటుదిటు మార్చి పెట్టుకోండి. ఎడమ చెవిలోది కుడి చెవికి, కుడి చెవిలోది ఎడమ చెవికి. సరిగా అమరకపోయినా ఫర్వాలేదు, వేలితో పట్టుకుంటే చాలు.

ఇప్పుడు కుడి చెవికి వినిపించడం ఆగిపోయిందా? అయితే తప్పు ఇయర్‌ఫోన్‌దో ఫోన్‌దో. అలా కాకుండా, మార్చినా ఎడమ చెవికే వినపడటం లేదంటే పరికరం బాగానే ఉంది. చూపించుకోవాల్సింది మీ చెవినే.

పరికరం సంగతి తేలిక. పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. పిన్ను దగ్గర వైరును కాస్త వంచితే శబ్దం వస్తూ పోతూ ఉందంటే లోపలి తీగ తెగినట్టే. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట అడిగి చూడండి, కొత్త పిన్ను అతికిస్తే సరిపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఆడియో బ్యాలెన్స్ ఒక పక్కకు జరిగి ఉండొచ్చు, దాన్ని మధ్యకు తేవాలి. బ్లూటూత్‌వి అయితే ఛార్జింగ్ చూసి, కనెక్షన్ తీసేసి మళ్లీ కలపండి. జాలీలో గులిమి పేరుకున్నా శబ్దం తగ్గుతుంది. జాలీని కిందికి వంచి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపండి. నీళ్లు, సూదులు వద్దు.

బాగయ్యేదాకా ఒకవైపుతోనే వింటారా? సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండువైపుల శబ్దమూ ఒకే చెవికి వస్తుంది. సౌండ్ మాత్రం పెంచొద్దు. మదీనా చౌరస్తా ట్రాఫిక్ రొదను మించి వినాలనుకుంటే నష్టపోయేది బాగున్న చెవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకే. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. పిల్లలకు 75 డెసిబెల్సే.

ఇక చెవి సంగతి. చాలాసార్లు కారణం గులిమే. తలస్నానం చేశాక అది నాని ఉబ్బి, చెవి దిబ్బడ వేస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్‌బడ్ పెడితే మరింత లోపలికి పోతుంది. కాచిన నూనె పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. దాన్నీ మానెయ్యాలి. కర్ణభేరికి చిల్లు ఉంటే చెవి చీము పట్టొచ్చు.

అయితే అన్నీ గులిమి కావు. కొందరికి కొన్ని గంటల్లోనో, మూడు రోజుల్లోపో ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి పడిపోతుంది. రాత్రి బాగానే ఉండి, పొద్దున ఫోన్ చెవికి ఆనించినప్పుడే తెలుస్తుంది. చెవిలో హోరు, దిబ్బడ, కళ్లు తిరగడం తోడవ్వొచ్చు. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే జలుబు వల్లేమోనని వారం గడిపేస్తారు. ఆ వారమే ఎంతో విలువైనది. ఇది లోపలి చెవికి, వినికిడి నాడికి వచ్చే సమస్య. దీనికి స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. మొదటి రెండు వారాల్లో ఫలితం బాగుంటుంది. నెలలు గడిస్తే ఆశలు బాగా సన్నగిల్లుతాయి.

నోరు మూసి 'మ్‌మ్' అని పలికి చూడండి. దిబ్బడ వేసిన చెవిలోనే ఆ శబ్దం గట్టిగా వినిపిస్తే గులిమి లాంటి అడ్డు ఉండొచ్చు. బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తే నాడి సమస్యను అనుమానించాలి. ఇది సూచన మాత్రమే. ఏ చెవిలో వినిపించినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. వినికిడి ఎంత తగ్గిందో ఆడియోగ్రామ్‌లో తేలుతుంది. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం ఉంటే పక్షవాతం కావొచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పాతబస్తీ వాళ్లకు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఆ కోఠిలోనే ఉంది. వెళ్లినప్పుడు వినికిడి ఏ రోజు, ఏ పూట తగ్గిందో కచ్చితంగా చెప్పండి. షుగర్ ఉంటే అదీ ముందే చెప్పాలి, స్టెరాయిడ్లతో షుగర్ పెరుగుతుంది.