పాత కారు మొరాయించినప్పుడు

పావగడ ఎండ ఎట్టిదో మన కుటుంబాలకు చెప్పవలసిన పని లేదు. ఆ ఎండను నమ్ముకొనియే 2018లో తిరుమణి ప్రాంతమున సోలారు పార్కు ప్రారంభమైనది. సుమారు 13,000 ఎకరాలలో పరచుకొన్న ఆ పార్కు సామర్థ్యము 2,050 మెగావాట్లు. అదే ఎండ, మా నాయనగారు మాకు విడిచిపోయిన ప్రీమియర్ పద్మినిని నడిదారిలో నిలబెట్టినది. అప్పుడు మేము నేర్చుకొన్న నాలుగు సంగతులు ఇంట పాత కారు ఉన్నవారికి ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా అమ్మకు కంటి శుక్లము తీయించుటకు తుమకూరు బయలుదేరితిమి. సుమారు నూరు కిలోమీటర్ల దారి. మధుగిరి చేరకముందే, మిట్టమధ్యాహ్నము, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయినది. మేము బెదరి స్టార్టరు తిప్పినదే తిప్పితిమి. తుదకు బ్యాటరీయు చచ్చినది. అమ్మ చింతచెట్టు నీడన కొంగు కప్పుకొని కూర్చున్నది. ఆసుపత్రివారిచ్చిన వేళ దాటిపోయినది.

దారిన పోవు లారీ డ్రైవరొకడు దిగి, బానెట్టు ఎత్తి చూచి, "పెట్రోలు పంపు కాగిపోయింది సామీ. బ్యాటరీని ఊరికే సంపితిరి" అన్నాడు. పంపునకు తడిగుడ్డ చుట్టి అరగంట ఆగితిమి. పిమ్మట నలుగురము తోయగా ఇంజను లేచినది.

జరిగినదేమనగా, ఎండకును ఇంజను వేడికిని పంపులో, గొట్టములో పెట్రోలు ఆవిరియైనది. ఆ పంపు ద్రవమును తోయునే గాని ఆవిరిని తోయలేదు. ఇందులో తప్పు బండిది కాదు, మాది. ఫైలు విప్పి చూడకనే ఉత్తరువు వ్రాయు గుమాస్తా పని మేము చేసితిమి. మరమ్మతుకు ముందు విచారణ జరుగవలెను. దానికొక వరుస కలదు.

మొదట బ్యాటరీ. స్టార్టరు "టక్కు"మని ఊరకున్నచో, దీపములు మందగించినచో, కొత్త బ్యాటరీ కొనవద్దు. టెర్మినళ్లపై తెల్లని, పచ్చని బూజు ఉన్నదేమో చూడుడు. నెగెటివు తీగను ముందు విప్పి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, వాసెలిను రాయవలెను. బ్యాటరీ నుండి బాడీకి పోవు ఎర్తు తీగను మరువరాదు. ఆగియున్న బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునప్పుడు 14 దరిదాపునకు పెరగకున్నచో ఫ్యాను బెల్టు వదులైనదో, చార్జింగు లేదో విచారింపవలెను.

రెండవది నిప్పురవ్వ. స్టార్టరు చక్కగా తిరిగియు ఇంజను లేవకున్నచో, ప్లగ్గును, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను చూడుడు. పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. ప్లగ్గు మసిబారినచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నదనుట. ఇగ్నిషన్ కాయిలు వేడెక్కినను బండి ఎండలో ఆగి, చల్లారినాక లేచును. కాని అప్పుడు ప్లగ్గున రవ్వ రాదు. పంపు దోషమునకును దీనికిని భేదమదే.

మూడవది పెట్రోలు. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో ప్రారంభించిరి. పాత బండ్ల రబ్బరు గొట్టములు దానికై చేసినవి కావు, మెత్తబడి చీలవచ్చును. పెట్రోలు వాసన వచ్చినచో స్టార్టరు ముట్టుకొనక, కారుచోటు ముందు వెదకవలెను.

నాలుగవది నీరు. మన బోరునీటిలో ఫ్లోరైడు కలదని పండ్లు చూచియే చెప్పవచ్చును. ఉప్పునీరు పోసినచో రేడియేటరులో పాచు గట్టి దారి పూడును. డిస్టిల్డు నీటిలో కూలెంటు కలిపి పోయుడు. ముల్లు పైకెక్కినప్పుడు మూత విప్పరాదు. మరుగునీరు ముఖమున చిమ్మును.

ఫ్యూజు కాలినచో అంతే బలము గలదానినే వేయవలెను. లావు తీగ చుట్టుట ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లే.

పద్మినిల తయారీ నిలిచి ఇరువది యేండ్లు దాటినది. ముంబయిలో 2003 అక్టోబరు 29న రిజిస్టరైన చివరి పద్మిని టాక్సీయు, 20 ఏండ్ల గడువు తీరి, 2023లో వైదొలగినది. సామాను వెదకి తెచ్చుకొనవలసిన ఈ కాలమున, బాగున్న భాగమును విప్పి పారవేయుట దండుగ. అందుకే మేమొక నోటుపుస్తకము పెట్టితిమి. తేదీ, లక్షణము, కారణము, ఖర్చు అందులో ఎక్కించుచున్నాము.

మరుసటి నెల ఆసుపత్రివారు మరల తేదీ ఇచ్చిరి. ముందునాడే పైవరుస అంతయు చూచి, తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరితిమి. అమ్మ తలుపు వద్ద కొంచెము తటపటాయించి, తుదకు ఎక్కినది.

"బండిని నమ్మి కాదురా, నీ నోటుపుస్తకాన్ని నమ్మి ఎక్కితి" అన్నది.

ఎండ ముదరకముందే తుమకూరు చేరితిమి. ఇప్పుడా పుస్తకమును కండ్లద్దములు లేకయే అమ్మ చదువుచున్నది.