దక్షిణ అమెరికా సిక్లిడ్ చేపల పెంపకం

సిక్లిడ్‌లు సిక్లిడే కుటుంబానికి చెందిన చేపలు. ఇవి ఆఫ్రికా, మధ్య అమెరికా, దక్షిణ అమెరికాలలో విస్తారంగా ఉన్నాయి. భారతదేశానికి సహజమైనవి మూడు జాతులు మాత్రమే. వాటిలో కేరళీయులు కరిమీన్ అని పిలిచే చేప ప్రసిద్ధమైనది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఆఫ్రికా సిక్లిడ్. ఇళ్ళలో అందానికై పెంచే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, రామ్ చేపలు దక్షిణ అమెరికాకు చెందినవి. కర్నూలు, కడప ప్రాంతాలలో వీటిని పెంచేవారు ముందుగా ఎండకు భయపడతారు గానీ, అసలు అడ్డంకి నీటి కాఠిన్యమే.

నీరు

అమెజాన్ ఉపనదియైన రియో నీగ్రో నీరు రాలిన ఆకుల సారంతో తేనీటి రంగులో ఉంటుంది. అందులో సున్నపు లవణాలు దాదాపుగా ఉండవు. పి.హెచ్. 5 కంటే తక్కువ. అటువంటి మృదుజలంలో పుట్టిన జాతులకు, నాపరాతి నేలలనుండి తోడిన మన బోరునీరు పూర్తిగా విరుద్ధమైనది. తరతరాలుగా తొట్లలో పెరిగిన ఏంజెల్, ఆస్కార్ చేపలు దీనికి చాలావరకు అలవాటు పడతాయి. డిస్కస్, రామ్ చేపలు బ్రతికినా, కాల్షియం అధికమైన నీటిలో వాటి గుడ్లు సరిగా ఫలదీకరణం చెందవు.

ఇందుకు ఉపాయం బోరునీటిలో వాననీటిని గాని, వీధులలో క్యాన్లతో అమ్మే ఆర్.ఓ. ప్లాంటు నీటిని గాని కలపడం. మిద్దెపై దుమ్ము కడుక్కుపోయేందుకు తొలివానను వదిలివేసి తరువాతి నీరు పట్టుకోవాలి. ఆర్.ఓ. నీటిని మాత్రమే వాడరాదు. అందులో లవణాలు లేనందున పి.హెచ్. నిలకడగా ఉండదు.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉన్నది. వేసవిలో తొట్టినీరు త్వరగా ఆవిరి అవుతుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గినంత మేర బోరునీరే పోస్తూ ఉంటే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. కనుక తరుగు నింపడానికి వాననీరు లేదా ఆర్.ఓ. నీరు వాడి, వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మార్చాలి.

రాళ్ళు

బేతంచెర్ల నాపబండలు, కడప నల్లబండలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, అవి సున్నపురాళ్ళు. తొట్టిలో వేస్తే క్రమంగా కరిగి కాఠిన్యాన్ని పెంచుతాయి. రాతిపొడిపై నిమ్మరసం పిండినప్పుడు నురగ వస్తే ఆ రాయి పనికిరాదు. గ్రానైట్ ముక్కలు, కుండపెంకులు నిరపాయకరం.

వేసవి

ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు అవసరం. తొట్టిని తూర్పు, పడమర కిటికీలకు దూరంగా ఉంచి, నీటిపై ఫ్యాను గాలి తగిలేలా చేస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఏంజెల్ చేపల సంతానోత్పత్తి

మొదటిసారి ప్రయత్నించేవారికి ఏంజెల్ చేపయే తగినది. ఆడ, మగ తేడా బయటికి తెలియదు కనుక ఆరు పిల్లలను కలిపి పెంచితే జతలు వాటంతటవే ఏర్పడతాయి. జతకు సుమారు 100 లీటర్ల, ఎత్తైన తొట్టి కావాలి. నిలువుగా ఉన్న ఆకుపై లేదా పలకపై అవి వందలకొద్దీ గుడ్లు పెడతాయి. 1970 వరకు కర్నూలు జిల్లాలోనే ఉన్న మార్కాపురం బడిపలకలకు పేరుపొందినది. చట్రం తీసిన అటువంటి రాతిపలకను ఏటవాలుగా నిలబెడితే చాలు.

తెల్లబడినవి చెడిన గుడ్లు. మంచివి రెండు మూడు రోజులలో పొదుగుతాయి. తరువాత మరో ఐదారు రోజులకు పిల్లలు ఈదసాగుతాయి. అప్పుడు అప్పుడే పొదిగిన ఆర్టీమియా పురుగులను ఆహారంగా వేయాలి. కొత్త జత మొదటి గుడ్లను తామే తినివేయడం సామాన్యం. అంతమాత్రాన వాటిని విడదీయరాదు. డిస్కస్ పిల్లల సంగతి వేరు. అవి తల్లిదండ్రుల చర్మంపై ఊరే జిగురును తిని పెరుగుతాయి కనుక వాటిని వేరుచేయకూడదు.

అధికమైన చేపలు

ఆస్కార్ 30 సెంటీమీటర్లకు పైగా పెరిగి, చిన్న చేపలను మింగుతుంది. తొట్టి చాలక దానిని కె.సి. కాలువలోనో, చెరువులోనో వదలడం తగదు. అక్వేరియంల ద్వారా వచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పటికే ఆంధ్రప్రదేశ్ జలాశయాలలో వ్యాపించి, జాలరులకు నష్టం కలిగిస్తున్నది. మిగిలిన చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు, లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వవచ్చు.