ఒకే ఆంప్, రెండు బరువులు: 29 కిలోలు, 15 కిలోలు

గిటార్ వాయించేవాళ్లలో ట్యూబ్ ఆంప్ మేలా, దాని ధ్వనిని లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలర్ మేలా అన్న వాదన తెగదు. దాన్ని తేల్చుకోవడానికి మంచి జోడీ ఒకటుంది. ఫెండర్ కంపెనీ 1963లో తెచ్చిన ట్విన్ రివర్బ్‌ను '65 ట్విన్ రివర్బ్ పేరుతో నేటికీ ట్యూబులతో చేస్తోంది. 4 పవర్ ట్యూబులు, 6 చిన్న ట్యూబులు, 12 అంగుళాల స్పీకర్లు రెండు; శక్తి 85 వాట్లు, బరువు 29 కిలోలు. 2019లో అదే ఆంప్‌ను ఒక్క ట్యూబూ లేకుండా టోన్ మాస్టర్‌గా తెచ్చింది. దీని బరువు 15 కిలోలు.

పాత వాల్వ్ (ట్యూబ్) రేడియో ఎరిగిన ఇళ్లలో ఆ బరువుకు కారణం చెప్పనక్కర్లేదు. ట్విన్ పవర్ ట్యూబులకు 400 వోల్టులు దాటిన కరెంటు కావాలి. దాన్ని పుట్టించడానికో ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్‌కు అనువుగా మార్చడానికి మరొకటి. టోన్ మాస్టర్‌లో వాటి బదులు ప్రాసెసర్, 200 వాట్ల డిజిటల్ పవర్ ఆంప్ ఉన్నాయి. స్పీకర్ల అయస్కాంతాలూ తేలికైన నియోడిమియంవే.

అసలు తేడా చప్పుడులో ఉంది. గిటార్ స్పీకర్లు సాధారణంగా 1 వాట్‌కే, మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెళ్లు పలుకుతాయి. 100 డెసిబెళ్లను రోజుకు 15 నిమిషాలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. 85 వాట్లకు పెంచితే మరో 19 డెసిబెళ్లు కలుస్తాయి. ట్విన్ పవర్ ట్యూబులు గరగరలాడేది ఆ ఎత్తుకు దగ్గరగా వెళ్లాకే. అంటే ట్యూబు మహిమగా అందరూ చెప్పుకునే ఆ ధ్వనిని అపార్ట్‌మెంట్‌లో వినడమే కుదరదు. టోన్ మాస్టర్ వెనక ఉన్న మీట 85 నుంచి 40, 22, 12, 5, 1 వాట్ల దాకా దిగుతుంది. శక్తి 85వ వంతుకు పడినా చెవికి చప్పుడు తగ్గేది సుమారు నాలుగో వంతుకే. 1 వాట్ కూడా ఇంటికి ఎక్కువే!

మోడలర్ ఆలస్యంగా పలుకుతుందన్న ఫిర్యాదును నేను పట్టించుకోను. మంచి వాటిలో ఆలస్యం 2, 3 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో నడిచేది మహా అయితే మీటరు. ఆంప్‌కు రెండు మూడడుగులు ఎడంగా నిలబడ్డా అంతే ఆలస్యం. గట్టి ఇబ్బంది వేరే ఉంది. సెకనుకు 48,000 నమూనాలు తీసే యంత్రం 24,000 హెర్ట్జ్‌ను దాటిన స్వరాన్ని పట్టలేదు. 5,000 హెర్ట్జ్ స్వరాన్ని డిస్టార్షన్‌లో (గరగరలో) పెడితే ఏడో హార్మోనిక్, అంటే ఏడు రెట్ల స్వరం, 35,000 అవుతుంది. అది మడతపడి 13,000 దగ్గర, రాగానికి సంబంధంలేని స్వరంగా తేలుతుంది. అందుకే మంచి మోడలర్లు లోపల ఎన్నో రెట్లు వేగంగా లెక్కిస్తాయి. చవక వాటి కీచుదనానికి ఇదొక కారణం.

ట్యూబ్ ఆంప్‌కు నేను మనస్ఫూర్తిగా ఓటేసేది మరమ్మతు దగ్గర. గిటార్ ట్యూబులు ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల్లోనే తయారవుతున్నా, 1963 నాటి ఆంప్‌ను ఈరోజూ భాగం భాగంగా బాగుచేసుకోవచ్చు. చిప్ పోయిన మోడలర్‌కు ఆ భరోసా లేదు.

ఇంట్లో సాధనకు, మెట్లెక్కి మోసుకెళ్లే కచేరీలకు మోడలరే కొనండి. అమెరికాలోని బంధువులు 120 వోల్టుల ట్యూబ్ ఆంప్ తెచ్చిస్తే మాత్రం మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. స్విచ్ ఆపాక కూడా ట్యూబ్ ఆంప్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. తెలిసిన మెకానిక్ తప్ప ఎవరూ దాని మూత విప్పొద్దు.