పిలవదగిన ఆబ్జెక్ట్: నామానికి క్రియాత్వం

బాలవ్యాకరణంలోని కృదంత పరిచ్ఛేదం ధాతువుల నుండి నామాలు ఏర్పడే విధానాన్ని నిరూపిస్తుంది. 'వ్రాయు' ధాతువు నుండి 'వ్రాత' ఏర్పడుతుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఇందుకు విలోమమైన ప్రక్రియ కనిపిస్తుంది. అక్కడ ఆబ్జెక్ట్ నామం వంటిది. ఫంక్షన్ క్రియ వంటిది. పైథాన్ భాషలో 'కాల్' అనే పేరుకు ఇరువైపులా రెండేసి అండర్‌స్కోర్లు చేర్చి క్లాస్‌లో ఒక మెథడ్‌ను నిర్వచిస్తే, ఆ క్లాస్‌కు చెందిన ఆబ్జెక్ట్ పేరు పక్కన కుండలీకరణాలుంచి దానిని ఫంక్షన్ వలె పిలవవచ్చు. సీ ప్లస్ ప్లస్‌లో కుండలీకరణాలనే ఆపరేటర్‌గా నిర్వచించి ఇదే ఫలితాన్ని సాధిస్తారు.

ఈ విధానపు ప్రధాన ప్రయోజనం స్మృతి. సాధారణ ఫంక్షన్‌లోని స్థానిక చలరాశులు పిలుపు ముగియగానే నశిస్తాయి. ఆబ్జెక్ట్ తన స్థితిని తదుపరి పిలుపుకు నిలుపుకుంటుంది. ఒక కావ్యంలోని పదాల ఆవృత్తిని పద్యం వెంట పద్యంగా లెక్కించడానికి ఇది అనువైనది. అయితే అదే ఆబ్జెక్ట్‌ను మరో కావ్యానికి వాడితే మొదటి కావ్యపు లెక్కలు రెండవదానిలో కలుస్తాయి. ప్రోగ్రామ్ ఏ దోషాన్నీ చూపదు. ఆ లెక్కలపై ఆధారపడిన శైలీ నిర్ణయం మాత్రం తప్పుతుంది. కాబట్టి ప్రతి గ్రంథానికీ నూతన ఆబ్జెక్ట్‌ను సృష్టించుకోవడం పరిశోధకుల కనీస బాధ్యత.