క్లాసుల్లేని కాలేజీ.. తప్పెవరిది?

నల్గొండ నుంచో పాలమూరు నుంచో ఎమ్మెస్ కోసం అమెరికాకు బయల్దేరుతున్నారా? జీఆర్‌ఈ, ఐ-20, వీసా ఇంటర్వ్యూ గురించి చెప్పేవాళ్లు మీకు చాలామందే దొరుకుతారు. అక్కడ దిగిన కొన్ని నెలలకు వచ్చే ఒక ఫోన్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. చేసేది తెలిసిన సీనియరే. ‘తమ్మీ, ఈ కాలేజీకి మారు. క్లాసులకు పోవుడు ఏం లేదు. ఫీజు కట్టు చాలు, డే వన్ నుంచే జాబ్ చేసుకోవచ్చు’ అంటాడు. ఇక్కడ నాన్న తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతుంటే ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో!

మిషిగన్ రాష్ట్రంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అని ఒకటి ఉండేది. వెబ్‌సైట్ ఉంది, లోగో ఉంది. విదేశీ విద్యార్థులను చేర్చుకోవచ్చంటూ ప్రభుత్వం ఇచ్చే జాబితాలో పేరూ ఉంది. లేనివల్లా పాఠాలు, వాటిని చెప్పే సార్లు. 2019 జనవరి చివర్లో గుట్టు బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే! మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ ఏడాది చివరికి అరెస్టులు దాదాపు 250కి చేరాయి. కమీషన్ తీసుకుని విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. ఇంటిపేర్లు చూస్తే చాలు, వాళ్లెక్కడివాళ్లో తెలిసిపోతుంది.

ఇది న్యాయమేనా? క్లాసులు లేవని తెలిసే చేరారు, వీసా నిలబెట్టుకోవడానికే డబ్బు కట్టారు అన్నది ప్రభుత్వ వాదన. మీ జాబితాను నమ్మే చేరాం, ఫీజు తీసుకుని మీరే మోసం చేశారు అన్నది విద్యార్థుల వాదన. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ లాంటివాళ్లు కూడా దీన్ని క్రూరమైన పని అన్నారు. నన్నడిగితే రెండు వాదనల్లోనూ నిజముంది. గుంత తవ్వింది ప్రభుత్వం. చదువు లేని కాలేజీకి ఫీజెందుకు అని అడగకుండా అందులోకి నడిచింది మనం. ఫీజుల కోసం విద్యార్థులు వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, విచారించాల్సిందేనని 2024 జూన్‌లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. అప్పటికి అరెస్టులు జరిగి ఐదేళ్లు దాటింది.

ఇది మొదటిసారేం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగాయి. అక్కడి 1,500 మంది విద్యార్థుల్లో చాలామంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారు! దాన్ని నడిపిన సూసన్ సూకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కానీ మనకు గుర్తున్నది వేరే. కొందరు విద్యార్థుల కాళ్లకు కట్టిన రేడియో ట్యాగులు. నేరస్తులకు కట్టేవి మా పిల్లలకు కడతారా అని ఇక్కడ భగ్గుమన్నారు. ఢిల్లీ కూడా నిరసన తెలిపింది.

కోపం న్యాయమైనదే. అయితే ఒక్క నిమిషం ఆగండి. బెయిల్, పెరోల్ మీద ఉన్నవాళ్ల కాళ్లకు అలాంటివి కట్టడం అమెరికాలో మామూలు. పెరోల్ మీద ఉన్నవాళ్లలో నల్లజాతివారు వాళ్ల జనాభా లెక్కకు మించి ఉంటారు. వాళ్ల సంగతి వచ్చినప్పుడు మనవాళ్ల గదుల్లో వినిపించే మాట ఏంటి? ‘తప్పు చేశారు, అనుభవిస్తున్నారు. ఆ ఏరియాలో రూమ్ తీసుకోకు.’ అదే మన పిల్లల దగ్గరికొస్తే అప్పులు, కన్సల్టెన్సీ, ప్రభుత్వం పన్నిన వల.. అన్నీ గుర్తొస్తాయి. పరిస్థితులు మనకు, బాధ్యత పక్కోడికి! ఇక్కడ హాస్టల్లో రిజర్వేషన్ల మీద వాదనలు కూడా ఇట్లనే నడుస్తాయి కదా.

మనం అక్కడ అడుగుపెట్టడం వెనకున్న చరిత్రా తెలుసుకోవాలి. భారతీయులు తెల్లవాళ్లు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఓడిన భగత్ సింగ్ థింద్ అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. 1946లో పౌరసత్వానికి దారి తెరిచినా, ఏడాదికి వంద మందికే వలస కోటా. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ కోటాలను 1965 చట్టం ఎత్తేసింది. నల్లజాతివారు వీధుల్లో దెబ్బలు తిని పౌరహక్కులు సాధించుకున్న రోజులవి. ఆ ఊపు లేకుంటే ఆ చట్టం వచ్చేది కాదు. ఏ ఏరియాలో రూమ్ తీసుకోవద్దంటున్నామో, మనకు తలుపు తెరిచింది ఆ ఏరియా వాళ్లే.

ఇక ఫోన్ సంగతి. చదువుతో ముడిపడిన ఉద్యోగానికి ఇచ్చే అనుమతే సీపీటీ. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. మొదటి నుంచే పని తప్పనిసరి అయిన కొన్ని పీజీ కోర్సులకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపే చాలామందికి వ్యాపారం. ఎఫ్-1 నియమాలు పాటించే బాధ్యత చట్టం మీ మీదే పెడుతుంది, కన్సల్టెన్సీ మీద కాదు. ‘నాకు తెల్వదు సార్’ అంటే అక్కడ నడవదు. జాబితాలో పేరుందని ఊరుకుంటే కుదరదని ఫార్మింగ్టన్ చూపించింది. అందుకే ఫోన్ చేసినాయన్ని మూడే అడగండి. క్లాసు ఏ రోజు? ఏ గదిలో? చెప్పే ప్రొఫెసర్ పేరేంటి? జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఫోన్ పెట్టేయండి. ఉన్న కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి, అదే డీఎస్‌ఓకి, అన్నీ వివరంగా ఈమెయిల్ రాయండి. ఆయన జవాబు వచ్చేదాకా డాలర్ కూడా కట్టకండి.